బోర్డు మీది ర్యామ్ చిప్ మార్చే పనిలో మెమ్‌టెస్ట్86+, క్విక్ 861డీడబ్ల్యూ: రివ్యూ

ల్యాప్‌టాప్ బోర్డుకే సోల్డర్ చేసిన ర్యామ్‌లో ఒక చిప్ పోయిందంటే చాలా సర్వీసు సెంటర్లు చెప్పే మాట "బోర్డు మార్చాలి" అనే. నిజానికి పోయింది నాలుగు చిప్పుల్లో ఒకటి. ఏది పోయిందో తేలితే, దాన్ని దించి మంచిది కూర్చోబెట్టడం చిప్-లెవెల్ రిపేర్ చేసేవాళ్ళకు ఒక పూట పని. పోయిన చిప్ ఏదో చెప్పడానికి ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్ మెమ్‌టెస్ట్86+, దాన్ని దించడానికి వేడి గాలి ఊదే క్విక్ 861డీడబ్ల్యూ హాట్ ఎయిర్ స్టేషన్. రెండూ మంచివే. అయితే డబ్బంతా రెండోదానికి పోతుంది, పని గెలవడం ఓడడం మాత్రం మొదటిదాని దగ్గరే తేలిపోతుంది. తప్పు చిప్ దించితే ఎంత మంచి స్టేషన్ ఉన్నా బోర్డుకు ఒక వేడి దండగ, పైగా కొత్త రోగాలు.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా డీడీఆర్4 రకం ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌ల గురించి: బోర్డు మీద నాలుగు చిప్పులు, పక్కన ర్యామ్ స్టిక్ పట్టే ఒక స్లాటు ఉండే రకం. మధ్యతరగతి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఒక్కో చిప్ 16 బిట్లు మోస్తుంది, నాలుగు కలిస్తే 64 బిట్ల ఛానెల్, అంటే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య డేటా దారి. 8 గిగాబిట్ చిప్పులు నాలుగైతే 4 జీబీ, 16 గిగాబిట్‌వి నాలుగైతే 8 జీబీ.

మెమ్‌టెస్ట్86+ ఉచితం, ఓపెన్ సోర్స్. 2022 అక్టోబరులో వచ్చిన 6.00 వెర్షన్‌తో యూఈఎఫ్ఐ (కొత్త రకం బయోస్) మెషీన్ల మీద కూడా సరిగ్గా నడవడం మొదలుపెట్టింది. అంతకుముందున్న 5 సిరీస్ కొత్త ల్యాప్‌టాప్‌లకు పనికిరాదు, పాత పెన్‌డ్రైవ్ ఉంటే చెరిపేయండి. పేరులో ప్లస్ లేని మెమ్‌టెస్ట్86 వేరు. అది పాస్‌మార్క్ కంపెనీది, దాని ఉచిత ఎడిషన్‌లో నాలుగు పాస్‌ల (అన్ని పరీక్షలూ ఒకసారి పూర్తయితే ఒక పాస్) పరిమితి ఉంది. పాస్‌మార్క్ వాళ్ళ దానికి మైక్రోసాఫ్ట్ సంతకం ఉంది కాబట్టి సెక్యూర్ బూట్ (సంతకం లేని ప్రోగ్రామ్‌తో మెషీన్ మొదలవనివ్వని రక్షణ) ఆన్‌లో ఉన్నా నడుస్తుంది. ప్లస్‌కు సెక్యూర్ బూట్ ఆపాల్సి వస్తుంది. ఆపే ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ కస్టమర్ దగ్గర ఉందో లేదో అడిగి తీరాలి. ర్యామ్ బాగుచేసి ఇచ్చాక విండోస్ కీ అడిగితే, ఆ కీ లేకపోతే, డేటా పోయిన నింద మీ మీదికే వస్తుంది.

నడిపే ముందు స్లాటులో ఉన్న ర్యామ్ స్టిక్ తీసేయాలి. ఈ ఒక్క పని చేయకుండా వచ్చిన రిపోర్టుతో చిప్ కనిపెట్టలేం. స్టిక్ ఉన్నంతసేపూ రెండు ఛానెళ్ళూ కలిసి పనిచేస్తాయి, అడ్రసులు ఇటూ అటూ పంచుకుంటాయి. పైగా ప్రాసెసర్ ఆ పంపకాన్ని ఎక్స్ఓఆర్ లెక్కతో కలిపేస్తుంది, తప్పు అడ్రసు చూసి అది ఏ ఛానెల్‌దో చేత్తో తేల్చుకోలేం. స్టిక్ తీస్తే మిగిలేది బోర్డు ర్యామ్ ఒక్కటే, లెక్క తేలిక.

తప్పులు మొదలయ్యాక ఎన్ని వచ్చాయన్నది ముఖ్యం కాదు, వాటి పోలిక చూడాలి. ఎప్పుడు నడిపినా అవే రెండు మూడు అడ్రసులు, అదే బిట్ తప్పుతుంటే చిప్ లోపల సెల్ పోయినట్టు. అడ్రసు ఏదైనా సరే ఒకే బిట్ తప్పుతుంటే డేటా లైను తెగింది: చాలాసార్లు చిప్ కింద దాన్ని బోర్డుకు అతికించే సోల్డర్ బాల్ ఒకటి పగిలి ఉంటుంది. ఒక బైట్‌లోని ఎనిమిది బిట్లూ కలిసి చెదిరిపోతుంటే ఆ బైట్ తాలూకు స్ట్రోబ్ లైను (డేటాను ఎప్పుడు చదవాలో చెప్పే లైను), అంటే డీక్యూఎస్, అనుమానించాలి. ఒక పద్ధతి ప్రకారం దూరదూరంగా ఉన్న అడ్రసుల్లో మాత్రమే తప్పులొస్తే అడ్రస్ లైను. 64 బిట్లలో అన్నిచోట్లా తప్పులొస్తే చిప్పులను వదిలేసి ముందు వోల్టేజీలు చూడండి. డీడీఆర్4కు 1.2 వోల్టుల వీడీడీ, 2.5 వోల్టుల వీపీపీ, 0.6 వోల్టుల వీటీటీ మూడూ ఉండాలి. వీటీటీ ఊగితే నాలుగు చిప్పులూ పోయినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే అడ్రస్, కమాండ్ లైన్లు ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కు వరుసగా వెళ్ళి చివర వీటీటీకి కట్టిన రెసిస్టర్ల దగ్గర ఆగుతాయి.

ఒక లైను చదివి చూద్దాం. మెమ్‌టెస్ట్ ర్యామ్‌లో రాసింది పదహారు ఎఫ్‌లు (ఇవి హెక్సాడెసిమల్ అంకెలు, ఎఫ్ అంటే 1111). తిరిగి చదివినప్పుడు కుడి నుంచి పదో అంకె మాత్రం ఎఫ్ కాకుండా డీ వచ్చింది. ఒక్కో అంకె 4 బిట్లు, కుడి నుంచి పదో అంకె అంటే 36 నుంచి 39 వరకు ఉన్న బిట్లు. డీ అంటే 1101, అందులో సున్నా అయింది కుడి నుంచి రెండో స్థానం. కాబట్టి తప్పిన బిట్ 37. పదహారేసి బిట్ల లెక్కన 32 నుంచి 47 వరకు మూడో చిప్‌వి. అయితే ఇక్కడే ఆగిపోయి మూడో చిప్ మీద వేడి పెట్టకూడదు. బోర్డు డిజైన్ చేసేవాళ్ళు ట్రాక్‌లు సులువుగా వెళ్ళడానికి బైట్‌లను ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కు మారుస్తారు, బైట్ లోపల బిట్లను కూడా అటూ ఇటూ చేస్తారు. వరసలో మూడోదిగా కనిపించే చిప్ మూడోది కాకపోవచ్చు. ఆ బోర్డు స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) గానీ బోర్డ్‌వ్యూ (బోర్డు మీద ఏది ఎక్కడుందో చూపే ఫైలు) గానీ తెరిచి డీక్యూ37 అనే నెట్ (37వ డేటా బిట్ లైను) ఏ చిప్ కిందికి వెళ్తోందో చూడాలి. స్కీమాటిక్ దొరక్కపోతే ఈ పని ఒప్పుకోకపోవడమే మేలు.

ఇంకో సంగతి. ఇంటెల్ ప్రాసెసర్ల మెమొరీ కంట్రోలర్ డేటాను స్క్రాంబుల్ చేసి పంపుతుంది. అందువల్ల లైను సున్నా దగ్గర ఇరుక్కుందా, ఒకటి దగ్గరా అన్నది తెర మీది అంకెల్ని బట్టి నమ్మకూడదు. బిట్ స్థానం మాత్రం మారదు, దాన్ని నమ్మొచ్చు. పాస్‌మార్క్ వాళ్ళది వాడుతూ తెర మీద ఎనిమిది అంకెలే కనిపిస్తే అడ్రసు చివరి అంకె చూసుకోవాలి: 0 లేదా 8 అయితే కింది 32 బిట్లు, 4 లేదా సీ అయితే పై 32 బిట్లు. అందులో టెస్ట్ 13 ర్యామ్‌ను కావాలని హింసించే రో హ్యామర్ పరీక్ష. మిగతావన్నీ పాసై ఆ ఒక్కటే ఫెయిలైతే చిప్ మార్చనక్కర్లేదు.

సెల్ పోయిన కేసులో హాట్ ఎయిర్ ముట్టుకోకుండానే బయటపడే దారి ఉంది. మెమ్‌టెస్ట్86+ సెట్టింగుల్లో తప్పుల్ని చూపే పద్ధతి మార్చి బ్యాడ్‌ర్యామ్ రూపంలోనో, లినక్స్ మెమ్‌మ్యాప్ రూపంలోనో తీసుకోవచ్చు. లినక్స్‌ను మొదలుపెట్టే గ్రబ్‌లో అది రాస్తే లినక్స్ ఆ ముక్కను వదిలేస్తుంది. విండోస్‌లో అయితే బీసీడీఎడిట్‌తో పాడైన పేజీల జాబితా ఇవ్వొచ్చు. రెండు మూడు అడ్రసులు, చాలాసేపు నడిపినా పెరగనివి అయితే ఇది నిలుస్తుంది. ప్రతి పాస్‌కూ కొత్త అడ్రసులు కలుస్తుంటే దాచి లాభం లేదు, చిప్ మార్చాల్సిందే.

పగిలిన బాల్‌ను తేల్చడానికి టెస్ట్ నడుస్తుండగా చిప్పులను ఒక్కొక్కటిగా వేలితో మెల్లగా నొక్కి చూడాలి. తర్వాత తక్కువ వేడి గాలితో 60, 70 డిగ్రీల దాకా ఒక్క చిప్‌నే వెచ్చబెట్టి చూడాలి. తప్పులు ఆగినా, ఒక్కసారిగా పెరిగినా అక్కడే ఉంది. మెమ్‌టెస్ట్ చెప్పిన బిట్, బోర్డ్‌వ్యూ చూపిన చిప్, వేలికి స్పందించిన చిప్ మూడూ ఒకటే అయితే ఇక సందేహం అక్కర్లేదు. బాల్ పగలడానికి పెద్ద కారణం బోర్డు వంగడం. తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌ను ఒక మూల పట్టుకుని ఒంటిచేత్తో ఎత్తే అలవాటు ఉన్నవాళ్ళ మెషీన్లలో ఇది ఎక్కువ.

మెమ్‌టెస్ట్ పెద్ద లోపం ఒకటే: మెషీన్ ఆన్ అయి తెర వస్తేనే అది పనిచేస్తుంది. ర్యామ్ మరీ పాడై బూట్ కాకపోతే లైట్ల భాషే దిక్కు. డెల్‌లో బ్యాటరీ లైటు 2 ఆంబర్, 3 తెలుపు అయితే ర్యామ్ కనిపించడం లేదని, 2-4 అయితే ర్యామ్ ఫెయిల్ అని. హెచ్‌పీలో 3-2 వస్తే మెమొరీ ఇనిషియలైజేషన్ దగ్గర ఆగిపోయిందని అర్థం. అక్కడినుంచి మల్టీమీటర్, బోర్డ్‌వ్యూ, వేలి ఒత్తిడి మాత్రమే.

చిప్ ఏదో తేలాక, ఏ చిప్ తేవాలన్నది ఇంకో చిక్కు. శామ్‌సంగ్ అయితే పైన కే4ఏఏజీ165 తరహాలో పార్ట్ నంబరు ఉంటుంది. చివరి అక్షరాలు వేగాన్ని చెబుతాయి: బీసీఆర్‌సీ 2400, బీసీటీడీ 2666, బీసీడబ్ల్యూఈ 3200. మైక్రాన్ చిప్ మీద సాధారణంగా డీ9తో మొదలయ్యే అయిదక్షరాల కోడ్ మాత్రమే ఉంటుంది, దాన్ని మైక్రాన్ వెబ్‌సైట్‌లోనే అసలు నంబరుగా మార్చుకోవచ్చు. అదే నంబరు కొత్తది దొరకకపోతే స్టిక్ నుంచి తీయొచ్చు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట పాత స్టిక్‌లు అడిగేటప్పుడు లేబుల్ మీద 1ఆర్‌ఎక్స్16 అని ఉందో లేదో చూడండి. అందులో నాలుగు 16 బిట్ల చిప్పులుంటాయి, 96 బాల్స్. 1ఆర్‌ఎక్స్8 అని ఉన్నవి ఎనిమిది బిట్ల చిప్పులు, 78 బాల్స్, బోర్డు మీద కూర్చోనే కూర్చోవు. 16 గిగాబిట్ చిప్పుల్లో ఒకే డై (సిలికాన్ ముక్క) ఉన్నవి, లోపల రెండు డైలు పెట్టినవి అని రెండు రకాలున్నాయి. బాల్స్ సరిపోయినా బ్యాంక్ గ్రూపుల లెక్క వేరు, ఒకదాని చోట ఇంకోటి పెడితే బూట్ కాదు. కంపెనీ, నంబరు రెండూ కలిసేదే వెతకండి.

ఎందుకంటే బోర్డు ర్యామ్‌కు స్టిక్‌లో ఉన్నట్టు వివరాలు దాచుకునే ఎస్‌పీడీ చిప్ విడిగా ఉండదు. ఆ వివరాలు బయోస్‌లో ఉంటాయి. ఏ కంపెనీ చిప్ పెట్టారో బోర్డు మీది రెండు మూడు చిన్న రెసిస్టర్లు చెబుతాయి. స్కీమాటిక్‌లో ర్యామ్ ఐడీ అనే పట్టికలో ఇది కనిపిస్తుంది. నాలుగు చిప్పులూ వేరే కంపెనీవి పెడితే ఈ రెసిస్టర్లను ఆ పట్టిక ప్రకారం మార్చాలి. మార్చకుండా "చిప్ మార్చినా డిస్‌ప్లే రాలేదు" అని బోర్డును పక్కన పడేసేవాళ్ళు చాలామంది.

ఆ పట్టికలోనే కొన్ని బోర్డులకు "బోర్డు ర్యామ్ లేదు" అనే అమరిక కూడా ఉంటుంది. అలా ఉంటే రెసిస్టర్ మార్చి, స్లాటులో 8 లేదా 16 జీబీ స్టిక్ పెట్టి ఇచ్చేయొచ్చు. ఒక ఛానెలే ఉంటుంది కాబట్టి బోర్డులోని గ్రాఫిక్స్ వేగం తగ్గుతుంది, ఆఫీసు పనికి తేడా తెలియదు. బోర్డుకు వేడి తగలదు, ఖర్చు తక్కువ. కస్టమర్‌కు ముందు ఈ దారి చెప్పడం న్యాయం.

ఇక 861డీడబ్ల్యూ. 1000 వాట్లు, 100 నుంచి 500 డిగ్రీలు, గాలి అంకె 120 దాకా, మూడు మెమొరీ బటన్లు. 858డీ రకం చవక స్టేషన్లకంటే ఎన్నో రెట్లు ఖరీదు. ఆ ఖరీదు ఎక్కడ తెలుస్తుందంటే, గాలి పెంచినా వేడి పడిపోదు. చవక స్టేషన్‌లో 380 పెట్టి గాలి పెంచగానే ముక్కు దగ్గర వేడి దిగజారుతుంది, చిప్ కరగదు, పనిచేసేవాడు 450కి పెంచుతాడు, బోర్డు పొంగుతుంది. 861లో పెట్టిన అంకె నిలుస్తుంది. గొట్టం కాస్త బిర్రుగా ఉండడం, బల్ల మీద చోటు ఎక్కువ తీసుకోవడం దీని లోపాలు. పని అయ్యాక హ్యాండిల్ స్టాండులో పెడితే గాలి ఊది చల్లబరుచుకుని ఆగుతుంది, ప్లగ్ పీకేయకూడదు. 1000 వాట్లు కాబట్టి ఇంటి ఇన్వర్టర్ మీద నడపొద్దు. మధ్యలో కరెంటు పోతే చిప్‌ను లాగకుండా వదిలేయండి, వచ్చాక మళ్ళీ మొదటినుంచి వేడి చేయొచ్చు.

ఈ స్టేషన్ ఒక్కటే చాలదు, కింద ప్రీహీటర్ కావాలి. ల్యాప్‌టాప్ బోర్డుల్లో లోపలి గ్రౌండ్ పొరలు వేడిని పీల్చేస్తాయి. పై గాలి మాత్రమే వాడితే చిప్ పైభాగం మాడుతుంది, కింద బాల్స్ కరగవు. ఫ్యాక్టరీ సోల్డర్ 217 నుంచి 220 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చిప్ తట్టుకునే గరిష్ఠం 260. మనకు దొరికే సందు అంతే. బ్యాటరీ, సీమాస్ సెల్ తీసి, బోర్డును బయటికి తెచ్చి, కింద నుంచి 130, 150 డిగ్రీల మధ్యకు మూడు నాలుగు నిమిషాల్లో తీసుకెళ్ళాలి. పక్క చిప్పులకు, ప్రాసెసర్‌కు, ప్లాస్టిక్ కనెక్టర్లకు క్యాప్టన్ టేపు, దాని మీద అల్యూమినియం రేకు. చిప్ మూలల్లో జిగురు ఉంటే ముందు దాన్ని వెచ్చబెట్టి సన్నని బ్లేడుతో తీసేయాలి. జిగురుతో సహా ఎత్తితే ప్యాడ్లు ఊడొస్తాయి. చుట్టూ ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకునేలా చేసే పేస్టు) పెట్టి, స్టేషన్‌ను 360, 380 మధ్య, గాలి 40, 60 మధ్య పెట్టి, ముక్కును రెండు సెంటీమీటర్ల ఎత్తులో గుండ్రంగా తిప్పుతూ ఉండాలి. నిమిషం, నిమిషంన్నరలో బాల్స్ కరుగుతాయి. ట్వీజర్‌తో పక్కనుంచి ఊపిరంత తాకితే చిప్ కదిలి తిరిగి తన చోటికి వస్తుంది. అప్పుడే నిట్టనిలువుగా ఎత్తాలి. కదలకముందు ఎత్తడం ఈ పనిలో బోర్డులను చంపే మొదటి తప్పు.

ప్యాడ్ల మీద మిగిలిన సోల్డర్‌లో 183 డిగ్రీలకు కరిగే సీసం సోల్డర్ కొంచెం కలిపితే అది సులువుగా వస్తుంది. తర్వాత ఫ్లక్స్ తడిపిన విక్‌ను (సోల్డర్ పీల్చే రాగి అల్లిక) ఐరన్ కింద పెట్టి నొక్కకుండా లాగాలి. విక్ అతుక్కుంటే లాగొద్దు, మళ్ళీ వేడి చేయండి. ప్యాడ్ ఊడితే ముందు స్కీమాటిక్‌లో అది ఎన్‌సీ (దేనికీ కలపని) ప్యాడ్ అవునో కాదో చూడండి, ఎన్‌సీ అయితే నష్టం లేదు. 99 శాతం ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కడిగాక ప్యాడ్లన్నీ ఒకే మట్టంలో, ఒకే మెరుపుతో కనిపించాలి.

కొత్త చిప్ సీలు విప్పి చాలాకాలమైతే దానిలో తేమ చేరి ఉంటుంది, ఒక్కసారిగా వేడి చేస్తే లోపల పొంగి పగులుతుంది. 125 డిగ్రీల దగ్గర 9 గంటల చుట్టూ ఆరబెట్టాలి. స్టిక్ నుంచి తీసినదైతే స్టెన్సిల్ పెట్టి 0.45 మిల్లీమీటర్ల బాల్స్‌తో రీబాల్ చేయాలి, అంటే కింద కొత్త బాల్స్ అతికించాలి. ప్యాడ్ల మీద ఫ్లక్స్ పల్చటి పొరగా మాత్రమే రాయాలి. మందంగా రాస్తే ఉడికి బుడగలొచ్చి చిప్ జరుగుతుంది. చిప్ మీది చుక్క బోర్డు మీది గుర్తుకు కలిపి, అదే వేడితో కూర్చోబెట్టాలి. కరిగాక పక్కకు కొద్దిగా తోసి వదిలితే తానే సర్దుకుంటుంది. పైనుంచి ఎప్పుడూ నొక్కకూడదు, నొక్కితే పక్కపక్క బాల్స్ కలిసి షార్ట్ అవుతాయి. 100 డిగ్రీల కిందికి దిగేదాకా బోర్డును కదపొద్దు.

చిప్ తీయకుండా ఫ్లక్స్ పోసి వేడి చేసి ఇచ్చే "రీఫ్లో" పద్ధతికి ఈ రివ్యూలో మార్కులు లేవు. పగిలిన బాల్ ఆక్సైడ్‌తో సహా అతుక్కుంటుంది, కొన్నాళ్ళు నడుస్తుంది, మళ్ళీ వస్తుంది. మధ్యలో పాడైన ర్యామ్ ఫైళ్ళను కూడా పాడుచేసి ఉంటుంది.

పని అయ్యాక స్టిక్ లేకుండానే మెమ్‌టెస్ట్ నాలుగు పాస్‌లు నడవాలి, బోర్డును కేసులో బిగించి, మూత వేసి, వేడెక్కనిచ్చి. బల్ల మీద చల్లగా పాసైన బోర్డు కేసులో ఫెయిలైతే ఒక బాల్ సగమే అంటుకుంది. తర్వాత స్టిక్ పెట్టి రెండు ఛానెళ్ళతో ఇంకోసారి. ఒక్క తప్పు వచ్చినా ఇవ్వకూడదు.

ఈ రెండూ ఎక్కడ సరిపోవో కూడా చెప్పాలి. తక్కువ కరెంటు వాడే ర్యామ్ రకం ఎల్‌పీడీడీఆర్4ఎక్స్ చిప్పులకు 200 బాల్స్, ఎల్‌పీడీడీఆర్5కు 315. ఒక్కో ప్యాకేజీలో ఒకటికి మించి ఛానెళ్ళుంటాయి, తీసి పక్కన పెట్టే స్టిక్ ఉండదు. కాబట్టి మెమ్‌టెస్ట్ ర్యామ్ పోయిందని చెబుతుంది, ఏ చిప్ అన్నది చెప్పలేదు. వేలి ఒత్తిడి, వెచ్చబెట్టడం మీదే ఆధారపడాలి. బాల్స్ చిన్నవి, స్టెన్సిల్ సరిగ్గా అదే కావాలి, చేయి తిరిగినవాళ్ళే ముట్టుకోవాలి. 2020 ఎమ్1 నుంచి ఆపిల్ మ్యాక్‌బుక్‌లలో, 2024లో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీ మీదే ఉంటుంది. ఈ ధర సాధనాలతో వాటి జోలికి వెళ్ళొద్దు, ఎవరైనా ర్యామ్ చిప్ మార్చి ఇస్తామంటే ఎలా చేస్తారో వివరంగా అడగండి.